ఓయిరి హాజరు

1968 అక్టోబరు 9

బడి మూసేసి ఏడాది దాటింది. మూడో తరగతి హాజరు పట్టీలో సగం పేజీలు ఖాళీగా ఉండిపోయాయి. కాగితానికి జనం మొహం వాచిపోయి ఉన్న రోజుల్లో ఇవి చెదలు తినడమెందుకని ఇందులో రాసుకుంటున్నాను. ఎవరూ చదవరు. ఇంట్లో ఉన్నది నా కూతురు ఉలోమా, దానికి ఐదేళ్ళు. ఇంకొకరు మా ఆడబిడ్డ ఓయిరి. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

ఆవిడ ఇప్పుడు ఇంట్లో లేదు. మొన్న తెల్లవారకుండానే బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. ఉప్పు కోసమట. మన బియాఫ్రా మనకి వేరే దేశంగా కావాలని ఎవరి మీద యుద్ధం చేస్తున్నామో, ఏరు దాటి వాళ్ళ సంతకే వెళ్ళి ఉప్పు తెస్తారు ఈ ఆడవాళ్ళు. దానికి 'అటాక్ బేరం' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఊళ్ళో అందరూ తిడతారు, అందరూ కొంటారు.

యుద్ధానికి వెళ్ళిన మా ఆయన బోనిఫేస్ దగ్గరి నుంచి జూలై తర్వాత ఉత్తరం లేదు. ఏ సరిహద్దులో ఉన్నారో కూడా తెలియదు.

అక్టోబరు 13

ఆదివారం. ఓయిరి గుడికి రాకుండా ఎగ్గొట్టి, సాయంత్రానికి ఊడిపడింది.

"ఏమే పెళ్ళామా! మొగుడు ఊరి నుంచి వస్తే కాళ్ళకి నీళ్ళిచ్చేది లేదా?"

మా వాళ్ళలో ఇంటి ఆడపడుచు కోడలిని ఇలాగే పిలుస్తుంది, సరదాకి. ఆడబిడ్డ అర్ధమొగుడు అనుకుంటే సరిపెట్టుకోవచ్చు. ఈవిడ పూర్తి మొగుడు. కట్టుకున్నాయన ఒక్కనాడూ నన్ను కాళ్ళకి నీళ్ళడగలేదు.

ఉలోమా పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడ ఒళ్ళో ఎక్కేసింది. నా దగ్గరికి పిలిస్తే రావడానికి ఓపిక లేదంటుంది. ఓయిరి చిటికెడు ఉప్పు దాని నాలుక మీద వేసింది. బుట్టలోంచి ఎండుచేప తీసి ముళ్ళు ఏరి పెట్టింది. పిల్ల పాదాలు నొక్కి చూసి, గుంట పడితే, నవ్వడం మానేసింది.

నేను చూసింది వేరే. వెళ్ళేటప్పుడు ఆవిడ జుట్టు చింపిరిగా ఉంది. వచ్చేటప్పుడు నల్లదారం చుట్టి నిలబెట్టిన పిలకలతో వచ్చింది. ఏడాదిగా ఈ ఊళ్ళో ఎవరూ దారం మొహం చూడలేదు. ఒంటి మీద సబ్బు వాసన. ఉప్పు కోసం వెళ్ళిన మనిషికి తలదువ్వి పిలకలు వేసేంత తీరిక అవతల ఎవరిచ్చారు?

నాకు ఆవిడ మీద కోపమేమీ లేదు.

అక్టోబరు 14

సంత మీద విమానం బాంబులు వేసింది. పదకొండు మంది. మిరపకాయలు అమ్మే ముసలమ్మ కూడా. నేను ఆ ఉదయం ఆలస్యంగా బయల్దేరాను కాబట్టి రాస్తున్నాను.

అక్టోబరు 17

రక్షణ కమిటీ వాళ్ళు సంతని మార్చేశారు. పాత గుడి వెనక తోపులోకి, పెద్ద చెట్ల కిందికి. కమిటీ అధ్యక్షుడు ఉవాండు గారు, యుద్ధానికి ముందు పోస్టుమాస్టరు, చేతులు దులుపుకుని, "ఇక్కడ దేవుడు వంగి చూసినా ఏమీ కనబడదు" అన్నారు. నిజమే. నిలబడి పైకి చూస్తే ఆకాశం అరచేతంత కూడా లేదు.

ఓయిరి మళ్ళీ వెళ్ళింది, మొన్న.

అక్టోబరు 19

ఉలోమా జుట్టు ఎర్రబడుతోంది. ఎండ వల్లనేమో.

అక్టోబరు 22

వాన. తోపులో సంత. బాగానే జరిగింది. ఓయిరి నిన్న వచ్చింది, ఈసారి పాలడబ్బా తెచ్చింది. ఎలా వచ్చిందని అడిగితే, "నీ మొగుణ్ణి అడక్కూడదే, తాగడమే" అని నవ్వింది. మేం తాగాం. చెప్పొద్దూ, నేను కూడా రెండు చెంచాలు తాగాను.

అక్టోబరు 30

విమానం తిన్నగా తోపు మీదికే వచ్చింది. వెతకలేదు, తిరగలేదు. దారి తెలిసిన మనిషిలా వచ్చి వేసి పోయింది. ఏడుగురు.

ఉవాండు గారు జనాన్ని బడి ముందు నిలబెట్టి మాట్లాడారు. బడిలో కాందిశీకులు ఉన్నారు, కిటికీల్లోంచి వాళ్ళూ విన్నారు.

"పైనుంచి కనబడని చోటు అవతలి వాళ్ళకి ఎలా తెలిసిందయ్యా? ఎవరో చెబితేనే కదా! మన మధ్యనే ఉంది సాబో. మన గిన్నెలో తింటోంది, మనల్ని అమ్ముతోంది."

సాబో. శత్రువుకి కబురు మోసే ద్రోహి అని. ఈ మాట వింటే చాలు, ఈ దేశంలో ఎవరి పక్కన ఎవరూ నిలబడరు. అందరం ఒకరినొకరం చూసుకున్నాం. ఓయిరి నా పక్కనే నిలబడి, ఆవులించింది.

అక్టోబరు 31

ఆవిడకి జ్వరం. నిన్న సాయంత్రం నుంచి వణుకుతోంది. ఈసారి బేరానికి వెళ్ళదట.

పక్క సర్దుతుంటే తలకింద గుండ్రటి అద్దం దొరికింది, అరచేతంత. అద్దం ఎండలో తిప్పితే ఎంత దూరానికి మెరుస్తుందో మూడో తరగతి పిల్లలకి నేనే చూపించాను. ఏమీ అనలేదు. ఉన్నచోటే పెట్టేశాను.

చిన్న అనుమానాలు పెట్టుకునే మనిషిని కాను. కానీ ఆలోచించాలి కదా. ఈవిడ పదేళ్ళు ఉత్తరాదిలో కాపురం చేసింది. వాళ్ళ భాష గడగడా మాట్లాడుతుంది. అరవై ఆరులో అక్కడి మనవాళ్ళని ఊచకోత కోసినప్పుడు భర్తని చంపేస్తే ఒక్క మూటతో పారిపోయి వచ్చింది. అందరూ చచ్చినచోట ఈవిడ ఎలా బతికి వచ్చింది? ఈ ప్రశ్న ఇన్నాళ్ళు నాకు తట్టలేదు.

నవంబరు 4

జ్వరం తగ్గలేదు. ఉలోమా ఆవిడ పక్కలోనే పడుకుంటోంది. నేను రమ్మంటే, "అత్తకి చలేస్తోంది, నువ్వు వెళ్ళు" అంది.

నవంబరు 7

విమానం వచ్చింది. బాంబులు తోపు అంచున పడ్డాయి. సంత ఇంకా నిండలేదు, ఎవరూ పోలేదు. ఓయిరిని మోసుకుని, విమానం వస్తే దాక్కునే గోతిలోకి దించాను. ఎంత తేలికైపోయిందో మనిషి. అయినా రేపు బేరానికి వెళ్తానంటోంది.

ఇంకెవరి చేతనైనా కబురు పంపి ఉంటుంది.

నవంబరు 15

మళ్ళీ విమానం. పక్కింటి ఉజో పోయింది. పన్నెండేళ్ళ పిల్ల. చేదాకు కట్టలు అమ్ముకుందామని తోపులోకి వెళ్ళింది. మూడో తరగతిలో నా దగ్గరే చదివింది, ఎక్కాలు పాటలా పాడేది. ఉజో వాళ్ళమ్మ ఏడవలేదు. ఆకుకట్టలు ఒక్కొక్కటి ఏరి, మట్టి దులిపి, బుట్టలో సర్దింది. అవి కొనమని నన్నే అడిగింది. కొన్నాను.

నవంబరు 16, ఎకే

పిల్లని పూడ్చి ఒక్క రోజు కాలేదు. ఓయిరి మళ్ళీ బుట్ట తీసింది. మొన్న పద్నాలుగునే కదా వచ్చింది.

"ఇవాళ కూడానా వదినా?" అన్నాను.

"ఇవాళ ఎకే. ఎకే నాడు కాకపోతే ఇంకెప్పుడే?" అంది.

ఆ మాటతో నాకు వెలిగింది. నేను బడిపంతులమ్మని, రోజులని తారీకులతో లెక్కపెడతాను. మా ఊరి వాళ్ళకి తారీకులెందుకు? వాళ్ళకి వారమంటే నాలుగే రోజులు: ఎకే, ఒరియే, అఫో, ఎన్‌క్వో. మా సంత ఎన్‌క్వోనాడు. ఎనిమిది రోజులకోసారి పెద్ద ఎన్‌క్వో, చుట్టుపక్కల ఏడూళ్ళూ కదిలి వచ్చేది ఆ రోజే. కూర్చుని వెనక్కి లెక్క కట్టాను.

ఈవిడ వెళ్ళేది పెద్ద ఎన్‌క్వో మర్నాడు, ఎకేనాడు. వచ్చేది అఫోనాడు. ఆవిడ వచ్చిన మర్నాడే విమానం. ప్రతిసారీ మర్నాడే!

రూళ్ళకర్ర పెట్టి మూడు గళ్ళ పట్టీ గీశాను. వెళ్ళినది, వచ్చినది, విమానం. అక్టోబరు 7, 13, 14. తర్వాత 15, 21, వాన. తర్వాత 23, 29, 30. తర్వాత నవంబరు 8, 14, 15. చూస్తే ఎవరికైనా కళ్ళు తెరుచుకోవాలి. పేజీ నిండేందుకు కింద ఇంకో ఐదు వరసలు ఖాళీగా గీశాను, అందం కోసం.

నవంబరు 7 ఇందులో ఇమడలేదు. అది వేరే విషయం.

నవంబరు 17, ఒరియే

నాకు ఆవిడ మీద కోపమేమీ లేదు. ఇది నా కూతురు ఎవరి ఒళ్ళో కూర్చుంటోందన్న సంగతి కాదు. ఉజో సంగతి. దేశం సంగతి.

నవంబరు 18, అఫో

ఉవాండు గారికి పట్టీ ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, రెండుసార్లు చదివారు.

"టీచర్, మీరు చదువుకున్నవాళ్ళు. ఈ గాడిదలు నెలరోజులుగా చెట్లెక్కి వెతుకుతున్నారు. మీరు కూర్చున్నచోట కూర్చుని పట్టేశారు."

"నేనేమీ పట్టలేదండి. రోజులు రాశానంతే."

"అదే కదా కావలసింది. ఆమె మీ ఇంటి మనిషి. మీకెంత కష్టమో నాకు తెలుసు."

కష్టంగానే ఉంది. దారిలో చెమట పట్టింది. గడపలో వాళ్ళావిడ చాటలో ఉప్పు ఆరబోసుకుంటోంది. ఆ ఉప్పు మొన్న ఓయిరి దగ్గర కొన్నదే.

నవంబరు 22, అఫో

అనుకున్నట్టే సాయంత్రం ఓయిరి వచ్చింది. అనుకున్నట్టే కమిటీ వాళ్ళూ వచ్చారు, నలుగురు.

కాళ్ళు కడుక్కుని, ఉలోమాని ఒళ్ళో పెట్టుకుని చేప ముళ్ళు తీస్తోంది. ఒంటికి చుట్టుకున్న బట్ట మెడదాకా తడిసి ఆరి, అట్టకట్టింది. ఉవాండు గారు పేరు పెట్టి పిలిచారు.

"ఏంటి పోస్టుమాస్టరు గారూ, ఉప్పు కావాలా? రేపు సంతలో కొనుక్కోరాదూ, అందరితో పాటు?" అంది.

"మాతో రావాలి."

"ఎక్కడికి?"

"పైవాళ్ళ దగ్గరికి. కొన్ని ప్రశ్నలున్నాయి."

ఒకతను బుట్ట తలకిందులు చేశాడు. ఉప్పు, చేపలు, నల్లదారం ఉండలు, ఉలోమా కాలికి కొలత చూసి తెచ్చిన రబ్బరు చెప్పులు. ఆవిడ చెప్పుల మీద ఉప్పు దులిపి పిల్ల పక్కన పెట్టింది.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది.

నేను గోడవైపు చూస్తున్నాను. గోడ మీద బల్లి ఉంది. ఈ రోజుల్లో బల్లి కూడా కూరకి వస్తుంది అని ఆలోచిస్తున్నానంటే నమ్మేదెవరు?

ఆవిడ లేచి, ముళ్ళు తీసిన చేప ఉన్న చిప్ప నా చేతిలో పెట్టింది.

"పెళ్ళామా, పిల్లకి ముళ్ళు తీసి పెట్టు. ఇంకా సగం ఉన్నాయి. సన్నవి కనబడవు, వేలితో తడిమి చూడు."

వెళ్ళిపోయింది. తప్పు లేని మనిషి అరుస్తుంది, ఏడుస్తుంది, ఒట్లు పెడుతుంది. ఆవిడ ఏదీ చెయ్యలేదు. అదే చెబుతోంది కదా.

నవంబరు 23, ఎన్‌క్వో

విమానం వచ్చింది. ముగ్గురు.

నిన్న పట్టుకున్నారు. ముందే చెప్పి వచ్చి ఉంటుంది.

నవంబరు 26, అఫో

ఉలోమా చెప్పులు తొడుక్కోనంటోంది. పాదాలు పట్టడం లేదు. వాచాయి.

నవంబరు 29, ఒరియే

ఉవాండు గారిని అడగడానికి వెళ్ళాను. "తీర్పు అయిపోయింది టీచర్. ఇంకో ఇద్దరితో కలిపి కాల్చేశారు. మీరిక దాని గురించి ఆలోచించకండి" అన్నారు. ఎప్పుడని అడిగితే, "నిన్నటిది కాదు, ముందటి ఎకేనాడు" అన్నారు. తారీకు చెప్పలేదు. నేనే లెక్క కట్టుకున్నాను. ఇరవై నాలుగు. ఆదివారం. ఆ పొద్దున నేను గుడిలో పాడాను.

డిసెంబరు 1, ఎన్‌క్వో

విమానం వచ్చింది.

డిసెంబరు 1, మళ్ళీ

ముందే చెప్పి వచ్చి ఉంటే ఒక్కసారికే కదా చెబుతుంది. రెండుసార్లకి చెబుతుందా?

ఉప్పు అయిపోయింది. చేప అయిపోయి నాలుగు రోజులైంది. నర్సమ్మ ఉలోమా కళ్ళు చూసి, "మాంసమో చేపో గుడ్డో పడాలమ్మా, పదిహేను రోజులే గడువు" అంది. తిండి తెచ్చే సాయం లారీ రావడం మానేసింది.

గుట్ట ఎక్కాను, ఏదైనా ఆకు దొరుకుతుందేమోనని. అక్కణ్ణుంచి తోపు కనబడింది. చెట్ల కింద ఏమీ కనబడదు. కానీ వాన వెలిశాక ఏడూళ్ళ నుంచి ఏడు బాటలు, జనం కాళ్ళు తొక్కిన ఎర్రమట్టి, పచ్చటి నేల మీద గీతలు గీసినట్టు నేరుగా ఆ తోపులోకే వెళ్తున్నాయి. తోపు పైన పొగ, బొబ్బరి బజ్జీలు వేయించే వాళ్ళది. ఆదివారపు బడిపిల్లాడు కూడా చెప్పగలడు సంత ఎక్కడుందో.

అయినా సరే. అయినా అద్దం ఉంది కదా.

డిసెంబరు 2, ఎకే

ఉలోమాని ఉజో వాళ్ళమ్మ దగ్గర వదిలి, ఓయిరి బుట్ట తీసుకున్నాను. ఇక రాయడానికి వీలుండదు.

డిసెంబరు 8, అఫో

బతికి వచ్చాను. ముందు చేప. ముందు ఉలోమాకి పెట్టాను, తింది, కక్కలేదు. ఇప్పుడు రాస్తాను.

మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం. వాళ్ళ నాయకురాలు కార్నీలియా అనే లావుపాటి ఆవిడ నన్ను ఏటి ఒడ్డున ఆపింది.

"ఈ బుట్ట ఓయిరిది. నువ్వెవరు?"

"తమ్ముడి భార్యని."

"ఓహో, పెళ్ళామా!" అని అందరూ నవ్వారు. "టీచరమ్మవి నువ్వేనా? నా పెళ్ళానికి లెక్కలొచ్చే, నా పిల్లని పెద్ద చదువు చదివిస్తుందే అని మా బుర్ర తినేసేది. ఏదీ మనిషి? జ్వరమా మళ్ళీ?"

జ్వరమన్నాను. దేవుడా, జ్వరమనే అన్నాను.

కార్నీలియా నన్ను కూర్చోబెట్టి జుట్టు విప్పి, నల్లదారంతో పిలకలు వేసింది. "చింపిరి తలతో అవతలికి వెళ్తే చూడగానే పట్టేస్తారు, ఇటు నుంచి వచ్చావని. అక్కడి ఆడవాళ్ళు సబ్బు పెట్టి కడుక్కుని, పిలకలు వేయించుకుని తిరుగుతారు మరి. ఓయిరి అద్దం తెచ్చేది, అందరం అందులోనే చూసుకునేవాళ్ళం. తెచ్చావా?" తేలేదు. అద్దం ఉలోమా దిండు కింద ఉంది.

మెడలోతు నీళ్ళలో ఏరు దాటాం. ప్రతి సంతలోనూ వాళ్ళు ఒక ప్రశ్న అడిగారు: బోనిఫేస్ అని ఖైదీ ఎవరైనా ఉన్నాడా, పొడగరి, ఎడమ చెవి చిరిగినవాడు? ఎవరు అడగమన్నారని నేను అడగలేదు. నాకు తెలుసు. ఆవిడ నాకొక్క మాట చెప్పలేదు, ఆశ పెట్టి చంపకూడదని కాబోలు.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, "మనం అఫోనాడే ఎందుకు చేరుకోవాలి? రెండు రోజులు ఆగి నిదానంగా వెళ్ళొచ్చు కదా?"

కార్నీలియా ఏటి మధ్యలో ఆగి మరీ నన్ను చూసింది. "ఏడ్చినట్టే ఉంది! మర్నాడు పెద్ద ఎన్‌క్వో అయితే, ఉప్పు ఇంకెప్పుడు అమ్ముతావే? నువ్వు నిజంగా టీచరువేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నీళ్ళలోనే ఏడ్చాను, ఏరు మెడదాకా ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. ఆవిడ సంత కోసం వచ్చేది. విమానమూ సంత కోసమే వచ్చేది. నేను గీత గీసి రెండింటినీ కట్టేశాను. ఆవిడని నేను చంపాను. ఇది ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ ఉప్పు తిని, ఆవిడ పాలు తాగి, పిల్ల నా ఒళ్ళోకి రావడం లేదని ఉక్రోషం పెట్టుకుని, రూళ్ళకర్రతో చంపాను.

డిసెంబరు 9, ఎన్‌క్వో

విమానం వచ్చింది. నలుగురు.

దుమ్ము తగ్గాక ఉజో వాళ్ళమ్మ వచ్చి వాకిట్లో కూర్చుంది. ఉలోమా ఆవిడకి అద్దం చూపించి ఆడుకుంటోంది.

"టీచరమ్మా, నువ్వొచ్చింది నిన్న సాయంత్రమే కదా?"

"ఔనమ్మా."

"నిన్న అఫో." ఒక వేలు ముడిచింది. "ఇవాళ ఎన్‌క్వో." ఇంకో వేలు ముడిచింది. కాసేపు ఆ వేళ్ళనే చూసుకుంది.

"పిలకలు బాగా వేశారు, ఎవరు వేశారు?" అంది.

డిసెంబరు 10, ఎకే

ఉవాండు గారు పొద్దున్నే పిలిపించారు. బల్ల మీద నా పట్టీ ఉంది. ఒక్క ముడత కూడా లేకుండా దాచారు.

"గీతలు ఎంత చక్కగా గీశారు టీచర్! ఇంకా ఐదు వరసలు ఖాళీ ఉన్నాయి చూడండి. మీరే రాయండి, నా చేతిరాత బాగుండదు."

రాశాను. డిసెంబరు 2. డిసెంబరు 8. డిసెంబరు 9. ఒక్కటీ అబద్ధం కాదు.

అప్పుడు చెప్పాను. "అయ్యా, నవంబరు ఏడున ఓయిరి ఎక్కడికీ వెళ్ళలేదు. ఎనిమిది రోజులు జ్వరంతో మంచంలో ఉంది. అయినా విమానం వచ్చింది. ఆ వరస నేను రాయలేదు. కావాలనే వదిలేశాను. విమానానికి మేం అక్కర్లేదండి, ఏడు బాటలున్నాయి. గుట్ట ఎక్కి చూడండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆమెని తీసుకెళ్ళిన రోజున ఈ ముక్క చెప్పలేదేం? ఇప్పుడు మీ వరస వచ్చేసరికి చెబుతున్నారు."

దానికి జవాబు ఉంది, కానీ ఆయనకి చెప్పేది కాదు.

పిల్లని ఎవరికైనా అప్పగించుకోవడానికి సాయంత్రం దాకా గడువిచ్చారు.

ఈ హాజరు పట్టీలో వెనక్కి తిప్పి, నవంబరు 7 దగ్గర ఖాళీలో ఓయిరి పేరు రాశాను. పక్కన హాజరు వేశాను. రూళ్ళకర్ర వాడలేదు. ఎవరి చేతికి దొరికినా ఆ ఒక్క పేజీ చదివితే చాలు. ఈ హాజరు పట్టీని ఉలోమా దిండు కింద, అద్దం పక్కన పెడతాను.

ఊళ్ళో పిల్లని తీసుకుంటానన్నది ఒక్క ఉజో వాళ్ళమ్మే. కమిటీకి చెప్పింది కూడా ఆవిడేనని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకి తెలుసు. గడప అవతల కూర్చుని ఉంది, లోపలికి రావడం లేదు. ఉలోమా ఆవిడ ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

చేపలు నాలుగు ఉన్నాయి. చిప్ప తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

"పిల్లకి ముళ్ళు తీసి పెట్టమ్మా. సన్నవి కనబడవు, వేలితో తడిమి చూడు."